ఒక కంటికి మసక, ఒక కంటికి మలక్‌పేట

నా కుడి కంటి దగ్గర ఒక చుట్టు ఉంది. తిప్పితే తిరుగుతుంది. దాని మీద ఒక సున్నా, దానికి అటూ ఇటూ ప్లస్సూ మైనస్సూ చెక్కి ఉంటాయి. మనిషికి రెండు కళ్ల చూపూ ఒక్కలా ఉండదు కదా. ముందు కుడి కన్ను మూసుకుని, నడుమనున్న చక్రం తిప్పి ఎడమ కంటికి స్పష్టం చేసుకోవాలి. తర్వాత ఎడమ కన్ను మూసుకుని, ఈ చుట్టు తిప్పి కుడి కంటికి సరిచేసుకోవాలి. అర నిమిషం పని. నన్ను మెడలో వేసుకున్నవాళ్లలో ఆ అర నిమిషం నాకిచ్చిన మనిషి ఒక్కడే. మిగతావాళ్లంతా నన్ను కళ్లకు ఆనించుకుని, "అబ్బే, మసగ్గా ఉంది" అని పక్కవాళ్ల చేతిలో పెట్టినవాళ్లే. మసక నాదా, మీదా అని అడగడానికి అప్పట్లో నాకు నోరు లేదు.

నేను దుర్బీనుని. 8×30 రకం. అంటే దూరంలో ఉన్నదాన్ని ఎనిమిదింతలు దగ్గరికి తెస్తాను, ముందు అద్దాల వెడల్పు 30 మిల్లీమీటర్లు. పుట్టింది తూర్పు జర్మనీలో, యేనా అనే పట్టణంలో, కార్ల్ జైస్ కార్ఖానాలో. పుట్టుక గురించి ఇంతకన్నా చెప్పుకునేదేం లేదు గానీ ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. నా ముందు అద్దం ఏ బొమ్మనైనా తలకిందులు చేసేస్తుంది. దాన్ని తిరిగి నిలబెట్టడానికి లోపల నాలుగు గాజు పట్టకాలుంటాయి. ఆ అమరికకు ఇటలీ దేశస్థుడు ఇగ్నాజియో పోరో 1854లో పేటెంటు తీసుకున్నాడు. ఆయనే లేకపోతే మలక్‌పేటలో గుర్రాలు జాకీల మీదెక్కి పరిగెత్తినట్టు కనిపించేది.

సికింద్రాబాద్‌లో ఒక రైల్వే గుమాస్తా, ఊరొదిలి వెళ్లిపోతున్న ఒక డాక్టరు దగ్గర నన్ను కొన్నాడు. ఎంతకు కొన్నాడో ఇంట్లో చెప్పలేదు. ఆ ఇంట్లో ఆయన్ని అందరూ ఎలా పిలిచినా, మనవరాలు పిలిచినట్టే నేనూ తాత అంటాను. అర నిమిషం మనిషి ఆయనే.

గుర్రప్పందేల సీజన్లో తాత ఆదివారాలు ఒక్కడే మలక్‌పేట రేసుకోర్సుకు వెళ్లేవాడు. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లిన రోజు ఒకటుంది. నా బతుకులో నేను పండగ అని చెప్పుకునేది దాన్నే. వానాకాలం సీజను. ముసురు పట్టి విడిచిన మధ్యాహ్నం. మనవరాలు డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరింది, లెక్కల విద్యార్థిని. "తాతా, నువ్వు వారం వారం చూసేదేందో నేనూ చూస్తా" అంది. ఆమె వస్తానంటే కొడుకూ కోడలూ బయల్దేరారు. వాళ్లందరూ పోతుంటే ఇంట్లో ఒక్కదాన్నీ ఏం చేయాలని నాయనమ్మ సర్వపిండి డబ్బాలో సర్దింది. ఆ సర్వపిండి నూనె నా మీద ఇంకా ఎక్కడో ఉండే ఉంటుంది.

దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్లే సిటీ బస్సులో తాత చరిత్ర మొదలుపెట్టాడు. హైదరాబాదులో ఈ పందాలు 1868లో మౌలాలిలో మొదలయ్యాయని, 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వాటిని తన మహలుకు దగ్గరగా ఉంటుందని మలక్‌పేటకు మార్పించాడని చెప్పాడు. నాయనమ్మ కిటికీలోంచి చూస్తూనే అంది: "నవాబు గనుక మైదానాన్నే ఇంటికాడికి తెప్పిచ్చుకున్నడు. మనకు బస్సే గతి."

తెలుగు సినిమాల్లో రేసుకోర్సు కనపడిందంటే మరో రెండు రీళ్లకు ఇల్లు వేలానికి వచ్చినట్టే లెక్క. కోడలికి ఆ భయం ఉంది. అందుకే తాత బస్సు దిగగానే డబ్బు తీసి ఆమె రుమాల్లో ముడి వేయించాడు. "ఇది అయిపోతే ఆట అయిపోయినట్టు. నేనడిగినా ఇయ్యకు" అన్నాడు. మామగారు కోడలి చేతికి కళ్లెం ఇవ్వడం ఆ ఇంట్లో నేను చూసిన మొదటిసారి అదే.

స్టాండులో చోటు చూసుకోకముందే తాత వాళ్లను పాడక్ దగ్గరికి తీసుకెళ్లాడు. ప్రతి పందేనికి ముందు సైసులు గుర్రాలను అక్కడ గుండ్రంగా తిప్పుతారు. దుర్బీను అవసరం లేని దూరం. నేను తాత పొట్ట మీద వేలాడుతూ విన్నాను. మెరిసే చర్మం చూడాలంటాడు. చెవులు చూడాలంటాడు. పందెం మొదలుకాకముందే చెమటలు కక్కే గుర్రం సగం బలం అక్కడే పారేసుకున్నట్టంటాడు. పరుగు రోజున గిట్టలకు ఇనుప నాడాలు కాకుండా తేలికైన అల్యూమినియం నాడాలు వేస్తారని కూడా అప్పుడే చెప్పాడు. ఇక్కడి రేసు గుర్రాలన్నిటికీ పుట్టినరోజు జనవరి 1 అని, ఏ నెలలో పుట్టినా లెక్క అదేనని విని మనవరాలు నవ్వింది. "బడిలో చేర్పించేటప్పుడు మన వాళ్లందరికీ జూన్‌లో పుట్టినరోజు వచ్చినట్టు!"

ఒక గుర్రం కళ్ల పక్కన తోలు దొప్పలు కట్టి ఉన్నాయి. గుర్రానికి తన చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర కనిపిస్తుంది. వెనక నుంచి ఎవడు వస్తున్నాడో కూడా తెలుస్తుంది. అందుకే కొన్ని బెదిరిపోతాయి, కొన్ని పక్కచూపులు చూస్తూ పరుగు మరిచిపోతాయి. నేను చూపించగలిగేది ఎనిమిదిన్నర డిగ్రీలు. ఎక్కువ కనిపిస్తోందని దానికి గంతలు కట్టారు, తక్కువ కనిపిస్తోందని నన్ను కొన్నారు. మనుషుల న్యాయం నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

మొదటి పందెం హ్యాండిక్యాప్. ఇంతకు ముందు బాగా పరిగెత్తిన గుర్రం ఎక్కువ బరువు మోయాలి, వెనకబడింది తక్కువ మోస్తే చాలు. జాకీ బరువు చాలకపోతే జీనులో సీసపు బిళ్లలు పెట్టి తూకం సరిచేస్తారు. అన్నీ ఒకేసారి గీత దాటాలన్నది వాళ్ల ఆశ. "బాగా ఉరికినందుకు శిక్షా?" అంది మనవరాలు. కోడలు నెమ్మదిగా అంది: "పని బాగా చేసే కోడలికే ఇంకో పని చెప్పినట్టు." నాయనమ్మ వినపడనట్టు సర్వపిండి డబ్బా మూత తీసింది.

ఇక నా వంతు.

దూరపు మలుపు దగ్గర గుర్రాలు మామూలు కంటికి చీమల బారు. చొక్కాల రంగులు కలిసిపోతాయి. ఆ రంగులు గుర్రానివీ కావు, జాకీవీ కావు. యజమానివి. ఒక్కో యజమాని ఒక్కో రంగుల జత రిజిస్టరు చేయించుకుంటాడు. 800 మీటర్ల అవతల ఉన్న ఎర్ర టోపీని నేను 100 మీటర్లకు లాక్కొస్తాను. వెయ్యి మీటర్ల దూరాన 150 మీటర్ల వెడల్పు నాలో పడుతుంది గనుక గుంపు మొత్తం ఒక్క చూపులో ఇముడుతుంది. వీధిలో పది రెట్లు, పన్నెండు రెట్లు అని అమ్మే దుర్బీన్లను చూసి జనం నన్ను తీసిపారేస్తారు. పన్నెండు రెట్లు దగ్గరికి తెస్తే చేతి వణుకూ పన్నెండు రెట్లవుతుంది, గుంపులో మూడు గుర్రాలే కనపడతాయి. పందేలకు ఎనిమిదే సరి. నా గొప్ప కోసం చెప్పడం లేదు, నిలబడి చూసినవాళ్లను అడగండి.

తాత లౌడ్ స్పీకరు కన్నా ముందు చెప్పేవాడు. "నీలిది ముందు... పసుపు లోపలి నుంచొస్తుంది... ఎర్రది ఇంకా పట్టి ఉంచిండు, వదల్లే." చుట్టూ నలుగురైదుగురు తెలియనివాళ్లు కూడా ఆయన మాట వింటూ నిలబడేవారు. పందెం అంతా కలిపి నిమిషంపావు. ఆ నిమిషంపావు తాత గుమాస్తా కాడు.

మనవరాలు అప్పటికే టోట్ లెక్క తేల్చేసింది. టికెట్ల డబ్బంతా ఒక కుప్ప. అందులో పన్నూ క్లబ్బు ఖర్చూ తీసేసి మిగిలింది గెలిచినవాళ్లకు పంచుతారు. "అంటే మనం గుర్రంతో కాదు తాతా, ఇక్కడున్న వీళ్లందరితో పోటీ పడుతున్నం. అందరూ ఇష్టపడే గుర్రం గెలిచినా వచ్చేది చిల్లరే" అంది. కుప్పలోంచి ముందే కొంత పోతుంది గనుక అందరి లాభనష్టాలూ కలిపితే చివరికి నష్టమే మిగులుతుందని కూడా అంది. తాతకు ఆ ముక్క నచ్చలేదు. వారం వారం వస్తున్నవాడికి నచ్చే మాట కాదు.

నాయనమ్మ మాత్రం లెక్కలూ చూడలేదు, చెవులూ చూడలేదు. నాలుగో పందెంలో చిలకపచ్చ టోపీ మీద పెట్టమంది. అదీ గెలవాలని కాదు, ప్లేసుకి. మొదటి మూడింట్లో ఏదో ఒకటిగా వస్తే చాలు. "ముందల్నే ఉండాలన్న ఆరాటం దేనికి? పడిపోకుండ వస్తే చాలు" అంది. కొడుకు నవ్వుకుంటూ వెళ్లి టికెట్టు తెచ్చాడు. తాత తన సొంత లెక్క ప్రకారం ఎర్ర చారల చొక్కా మీద పెట్టాడు.

గేట్లు తెరుచుకున్నాయి. తాత ఎప్పటిలాగే నన్ను కళ్లకు ఆనించాడు. మలుపు దగ్గర ఒక్కసారి ఆగి, నన్ను కిందికి దించి, "ఏమే, ఇటు రా" అన్నాడు. పందెం నడుస్తుండగా తాత నన్ను మరొకరికి ఇవ్వడం అంతకు ముందు జరగలేదు. నాయనమ్మ ముక్కు మీద నన్ను పెట్టి, రెండు గొట్టాల మధ్య ఎడం తగ్గించి, నా కుడి చుట్టు ఆమె కంటికి తగ్గట్టు తిప్పాడు. గుర్రాలు పరిగెడుతూనే ఉన్నాయి. అర నిమిషం. పందెంలో అది సగానికి కొంచెం తక్కువ.

"కనవడుతుందా?"

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కసారి స్టాండంతా వినపడేలా అరిచింది. "అగో, వస్తుంది! మనదే! ఆ పిల్లగాని మొకం గూడ కనవడుతుంది, పండ్లు పటపట కొరుకుతుండు!" కొంగు జారింది, డబ్బా జారింది. ఎన్ని పందేలు చూసినా, నా లోపలి నుంచి ఒక మనిషి అంత సంతోషంగా చూడటం నాకది మొదలు.

మొదటి గుర్రం ఏదో అందరికీ తెలుసు. రెండూ మూడూ నాలుగూ ఒక్క ముద్దలా గీత దాటాయి. ఫోటో అన్నారు. గీత దగ్గరుండే ఆ కెమెరా నా దూరపు చుట్టం. అయితే దానికి మైదానం అక్కర్లేదు, గుర్రాలూ అక్కర్లేదు. ఒక్క గీతనే రెప్ప వేయకుండా చూస్తూ, దాన్ని ఏ ముట్టె ఎప్పుడు తాకిందో పక్కపక్కన అచ్చు వేస్తుంది. చిలకపచ్చ మూడో స్థానం, షార్ట్ హెడ్ తేడాతో, అంటే గుర్రం తలంత తేడా కూడా లేదు. ఎర్ర చారలు నాలుగు. తాత టికెట్టు అప్పటికే చింపేశాడు. "ఆగు నాన్నా, ఇంకా తూకం కాలే" అన్నాడు కొడుకు. జాకీలు జీనుతో సహా మళ్లీ త్రాసు ఎక్కి, వెళ్లేటప్పటి బరువే తిరిగి తెచ్చారని తేలేదాకా ఫలితం ఖాయం కాదు. తూకం సరిపోయింది. తాత ఓడాడు, నాయనమ్మ గెలిచింది. వచ్చిన డబ్బు ఇరానీ హోటల్లో చాయ్‌కీ ఉస్మానియా బిస్కట్లకీ పోగా రుమాలు ముడిలో కాస్త మిగిలింది.

అన్నీ ఇంత ముచ్చటగా ఉండేవని చెప్పి అబద్ధాలకోరును కాదల్చుకోలేదు. అదే స్టాండులో ఒకసారి ఒకాయన తాతను అడిగి నన్ను తీసుకున్నాడు. నేను బొమ్మతో పాటు వణుకునూ ఎనిమిదింతలు చేస్తానని చెప్పాను కదా. ఆ చేతుల్లో నాకు గుర్రాలు కనిపించలేదు, రంగుల అలుకు కనిపించింది. పందెం అయిపోయాక కూడా ఆయన నన్ను దించలేదు. ఖాళీ మైదానాన్నే చూస్తూ నిలబడ్డాడు. తాత మెల్లగా నన్ను వెనక్కి తీసుకుని, అద్దాలకు అంటిన తడిని మెత్తటి గుడ్డతో తుడిచాడు. ఆ రోజు బస్సులో చరిత్ర చెప్పలేదు.

తాత పోయాక నా కథ అటక మీదికి ఎక్కింది.

ఒక్కసారిగా కాదు. ముందు కొడుకు నన్ను మేకుకు తగిలించాడు. "నాన్న గుర్తు" అన్నాడు. గుర్తు అన్న మాటకు నేను భయపడాల్సింది. గుర్తుగా ఉన్న వస్తువును ఎవరూ వాడరు, ఎవరూ తుడవరు. తర్వాత ఎల్‌బీ స్టేడియంలో క్రికెట్ మ్యాచ్ అని పక్కింటి కుర్రాడు అరువు అడిగాడు. సిమెంటు మెట్ల మీద నన్ను జారవిడిచాడు. పైకి ఒక్క గీత కూడా పడలేదు. లోపల ఎడమ పట్టకం వెంట్రుకవాసి కదిలింది. అంతే, నా రెండు గొట్టాలూ చెరో దిక్కు చూడటం మొదలుపెట్టాయి. ఒక మనిషి ఇద్దరుగా, ఒక గుర్రం రెండుగా కనిపిస్తాయి. కాసేపు చూస్తే తలనొప్పి. కుర్రాడు నన్ను తోలు పెట్టెలో పెట్టి, మారు మాట్లాడకుండా తిరిగిచ్చేశాడు. పెట్టెకు ఏమీ కాలేదు కదా!

బాగుచేస్తానని ఒకాయన ఇంట్లో వాడే స్క్రూడ్రైవరుతో నన్ను విప్పాడు. మరలలో ఒకటి ఎక్కువ వచ్చిందని జేబులో వేసుకున్నాడు. 1995 అక్టోబర్‌లో సూర్యగ్రహణం వచ్చినప్పుడు ఎవరో నన్ను తీసి నేరుగా సూర్యుడి వైపు ఎత్తబోయారు. అప్పటికి అత్తవారింట్లో ఉన్న మనవరాలు ఆ రోజు పుట్టింటికి వచ్చి ఉండబట్టి, పరుగున వచ్చి చేయి పట్టుకుంది. నాలోంచి సూర్యుణ్ణి చూస్తే కన్ను కాలిపోతుంది. ఆ పాపం కూడా నాకు అంటి ఉండేది. ఆమె నన్ను ఒకసారి చేతిలో తిప్పి చూసింది. కుడి చుట్టు మీద వేలు పెట్టింది. తిప్పలేదు. పెట్టెలో పెట్టేసింది.

తోలు పెట్టె నన్ను కాపాడుతుందని అందరూ అనుకున్నారు. నా శత్రువు అదే. వానాకాలం తడిని తోలు పీల్చుకుని నెలల తరబడి నాకు పట్టిస్తుంది. చీకటి, చెమ్మ, గాలాడని చోటు, ఈ మూడూ బూజుకు పెళ్లిపందిరి. ముందు ఎడమ అద్దం అంచున సన్నటి దారం పోగులా మొలిచింది. తర్వాత కొమ్మలు వేసింది. అద్దం మీద ఉండే పూతను అది తింటుంది. బూజును తుడిచినా దాని కొమ్మల అచ్చు గాజు మీద మిగిలిపోతుంది. కొత్త బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలను ఆ ఇంట్లో వచ్చినవి వచ్చినట్టు చెత్తబుట్టలో వేశారు. రెండు పొట్లాలు నా పక్కన పడేసి, నెలకోసారి నన్ను ఎండపొడ తగిలేచోట పెట్టి ఉంటే, ఈ కన్ను ఈ రోజు ఇలా ఉండేది కాదు. అటక మీద నా పక్కన పాత పెళ్లి ఆల్బమ్ ఉండేది. దానికీ చెదలు పట్టాయి గనుక దాని మీద నాకు అసూయ లేదు.

మలక్‌పేటలో పందేలు ఆగలేదు. గాంధీ జయంతి రోజున డెక్కన్ డెర్బీ పెట్టడం అక్కడి రివాజు. మందు షాపులు మూసి, డెర్బీ నడిపి బాపూజీని గౌరవించే ఊరు ఇంకెక్కడైనా ఉందో లేదో. ఇప్పుడు పెద్ద తెరల మీద గుర్రం ముక్కుపుటాలు కూడా కనిపిస్తాయట. మలక్‌పేటకు మెట్రో వచ్చింది. ఫోన్లోనే అన్నీ చూస్తున్నారు. కొడుకు ఒకసారి కింది గదిలో ఫోన్లో పందెం పెట్టుకుని చూస్తుంటే కామెంటరీ అటక మీదికి వినిపించింది. కోడలు వంటింట్లో ఉంది. "ఎవరు ముందు?" అని ఎవరూ అడగలేదు. ఎవరి ఫోను వాళ్లకుంది.

ఇల్లు అపార్ట్‌మెంటుకు ఇచ్చారు. అటక ఖాళీ చేసిన రోజున గుమ్మం ముందు పాత సామాన్లవాడి తోపుడు బండి ఆగింది. నన్ను పెట్టెలోంచి తీసి త్రాసులో వేశాడు. నేనెరిగిన తూకంలో జాకీ దిగుతాడు, బరువు సరిపోతే డబ్బు చేతులు మారుతుంది. ఇక్కడా అదే జరిగింది గానీ బరువు అర కిలో, అదీ అల్యూమినియం కింద లెక్క. "అద్దాలకు పైసా రాదమ్మా" అన్నాడు. పట్టకాలు, పూతలు, పోరో గారి పేటెంటు అన్నీ అద్దాల కిందికే వచ్చాయి. తోలు పెట్టెను వద్దన్నాడు, వాసన వస్తోందని. ఆ ఒక్క విషయంలో అతనితో నాకు పేచీ లేదు.

ఇప్పుడు నా మకాం జుమ్మెరాత్ బజార్. గురువారం గురువారం గోనెపట్టా మీద పరుస్తారు. నాకు ఎడమవైపు ముల్లు లేని గడియారం, కుడివైపు తుప్పు పట్టిన ఇనుప నాడా. ఎడమ కన్ను పూర్తిగా బూజు. కుడి కన్ను మాత్రం పనిచేస్తుంది. చుట్టు ఇంకా నాయనమ్మ కంటికి తిప్పినచోటే ఉంది, తర్వాత ఎవరూ కదపలేదు. కాబట్టి ఎవరు చూసినా కొంచెం మసకే.

మొన్న ఒకాయన వచ్చాడు. కొత్త ఇంటి గడపకు కొట్టుకోవడానికి నాడా కావాలన్నాడు. "మలక్‌పేట రేసు గుర్రానిది సాబ్, మూడు కప్పులు గెలిచింది" అన్నాడు దుకాణదారు, కన్నార్పకుండా. ఇనుప నాడా! టాంగా లాగిన గుర్రానిదై ఉంటుంది. ఆయన బేరమైనా ఆడకుండా కొన్నాడు. తర్వాత నన్ను ఎత్తి, ఎడమ కన్నులోంచి చూసి పెదవి విరిచాడు. కుడి కన్నులోంచి చూసి, చుట్టు తిప్పకుండానే, సగం ధర అడిగాడు.

"ఒక్క కన్నే కదా పనిచేస్తుంది" అన్నాడు.

దుకాణదారు ఇవ్వలేదు. వచ్చే గురువారం ఇంకొంచెం తగ్గిస్తాడు.